జాబితాకెక్కని నష్టం

(శ్రీకాకుళంలో జరిగిన విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశంలో "వాతావరణ మార్పు - నవలాకారుని బాధ్యత" అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)

 

వాతావరణ మార్పును గురించి నవలలు రాసినవారు, పర్యావరణం కోసం గొంతెత్తిన నవలాకారులు అన్నది నాకు అప్పగించిన విషయం. నేను పండితుణ్ణి కాను, విమర్శకుణ్ణి అంతకన్నా కాను. ముప్పయ్యేళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. నా జీవితంలో నేను రాసినదానిలో ఎక్కువ భాగం జాబితాలే. అందుచేత నవలల గురించి మాట్లాడే ముందు ఒక జాబితా గురించి చెప్పుకోవడానికి నన్ను అనుమతించండి.

1999 అక్టోబరులో మన పొరుగున గోపాలపూర్ దగ్గర ఒక తుపాను తీరం దాటింది. అదే నెలాఖరున ఒడిశాను ఊడ్చిపెట్టిన పెను తుపాను ప్రపంచమంతటికీ గుర్తుంది. దానికి పన్నెండు రోజుల ముందు వచ్చిన ఈ తుపాను మాత్రం మన జిల్లా ఉత్తరపు కొసన ఉన్నవారికే గుర్తుంది. నేను అప్పుడు జూనియర్ అసిస్టెంటును. నష్టాల జాబితా తయారు చేసే బృందంలో నన్ను వేశారు. మా చేతికిచ్చిన కాగితంలో గడులున్నాయి. పూర్తిగా కూలిన ఇల్లు, పాక్షికంగా దెబ్బతిన్న ఇల్లు, చనిపోయిన పశువులు, పడిపోయిన కొబ్బరిచెట్లు, పడవలు, వలలు, మగ్గాలు. చిట్టచివర రిమార్కుల గడి.

ఒక చిన్న ఊరి చివర పరుపులు కుట్టే ఇంటికి వెళ్లాను. నూర్‌బాషా కుటుంబం. భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు. పైకప్పు పెంకులు సగం ఎగిరిపోయాయి. లోపల నిల్వ ఉంచిన బూరుగు దూది అంతా తడిసి ముద్దయి, చెడిన వాసన కొడుతోంది. పెళ్లిళ్ల రోజుల కోసమని అప్పు తెచ్చి కొన్న దూది అది. ఆ ఇంటి యజమాని దూది ఏకే విల్లును గుడ్డలో చుట్టి చూరుకు కట్టి కాపాడుకున్నాడు. దాన్ని నాకు చూపించి, "ఇదొక్కటి మిగిలింది బాబూ" అన్నాడు. నేను కాగితం చూశాను. ఇల్లు పాక్షికం అని రాశాను. మగ్గం గడిలో దూదిని రాయడానికి వీలులేదు. పంట గడిలో రాయడానికి అది చేలో పండినది కాదు. ఆ గడులన్నిటిలోనూ "నిల్" అని రాశాను. రిమార్కుల గడి ఖాళీగా ఉంది. అక్కడ ఏదైనా రాయవచ్చు, ఎవరూ వద్దనలేదు. చీకటి పడుతోంది, ఇంకా ముప్పయి ఇళ్లు ఉన్నాయి. రాయకుండా లేచి వచ్చేశాను.

అది ఏ అధికారి తప్పూ కాదు. ఆ "నిల్" రాసిన చేయి నాది. తనకు వ్యతిరేకంగానైనా సరే సత్యానికి సాక్ష్యం చెప్పమని మన ధర్మం ఆదేశిస్తోంది గనుక ఈ సాక్ష్యం ముందుగా చెప్పుకున్నాను. ఇప్పుడు నవలల సంగతికి వస్తాను.

జాబితాకూ సాహిత్యానికీ ఉన్న తేడాను తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. విజయనగరం పోతే చాలు. 1897లో గురజాడ అప్పారావు గారు "కన్యాశుల్కం" నాటకాన్ని అచ్చు వేసినప్పుడు దాని ఇంగ్లీషు ముందుమాటలో ఒక లెక్క చెప్పారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో సొమ్ము తీసుకుని చేసిన బాల్య వివాహాలకు మహారాజావారు జాబితా తయారు చేయించారు. 1,034 పెళ్లిళ్లు తేలాయి. వారిలో అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది నిండిన పిల్లలు కూడా ఉన్నారు. ఆ జాబితాను తయారు చేసిన గుమాస్తాలెవరో మనకు తెలియదు. కాని వారు చేసినది మంచి పనే. లెక్క లేకపోతే గురజాడ గారికి ఆధారం లేదు. నాటకం లేకపోతే ఆ 1,034 ఒక పాత కాగితంలో చెదపురుగులకు ఆహారమయ్యేది. ఇవాళ మనకు ఆ అంకె గుర్తులేదు. బుచ్చమ్మ గుర్తుంది, సుబ్బి గుర్తుంది, కూతుళ్లను అమ్ముకున్న అగ్నిహోత్రావధాన్లు గుర్తున్నాడు. అన్యాయాన్ని లెక్కపెట్టడం ఒక పని. ఆ అన్యాయం ఫలానా ఇంట్లో, ఫలానా మనిషికి జరిగిందని చదివేవాడి గుండెకు తగిలేలా చెప్పడం మరో పని. ఒకటి చేస్తే రెండోది అక్కరలేదని అనుకోకూడదు.

నేటి కాలపు పెద్ద ఉపద్రవం వాతావరణ మార్పు. దీని లెక్కలు కావలసినన్ని ఉన్నాయి. సముద్రపు పైనీటి వేడి దాదాపు 26.5 డిగ్రీలు దాటితే తుపానుకు బలం చేకూరుతుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. అందుకే కురిసినప్పుడు కుండపోత, లేనప్పుడు ఎండపోత. పారిశ్రామిక యుగానికి ముందున్న సగటు కంటే భూగోళపు వేడి 1.5 డిగ్రీలకు పైగా నమోదైన తొలి సంవత్సరం బహుశా 2024 అని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. వచ్చిన ప్రతి తుపానూ దీనివల్లనే వచ్చిందని చెప్పడం శాస్త్రం కాదు. అయితే వేడెక్కిన సముద్రం మీద పుట్టే తుపాను మరింత బలంగా, మరింత వానతో వస్తుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

మనకు ఈ మాటలు కొత్త కావు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్. దాదాపు 190 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్న జిల్లా మనది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు ఒక్క పూటలో నేలమట్టమయ్యాయి. వరి పోతే మరుసటి ఏడు వేసుకోవచ్చు. నాటు కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లూ ఆ ఇల్లు ఎలా గడిచింది? ఏ పిల్ల చదువు ఆగింది? ఏ కొడుకు ఏ ఊరు వలస పోయాడు? జీడిగింజలు కొట్టి పూట గడుపుకునే ఆడవారి పొయ్యి ఎన్ని పూటలు వెలగలేదు? వీటికి ఏ కాగితంలోనూ గడి లేదు. ఇది నవలాకారుని పని.

మరి నవలాకారులు ఆ పని చేశారా? ఈ ప్రశ్నను గట్టిగా వేసిన రచయిత ఒకరున్నారు. ఆయన అమితవ్ ఘోష్. 1956లో కలకత్తాలో పుట్టారు. ఇంగ్లీషులో రాసే రచయితల్లో జ్ఞానపీఠ పురస్కారం తొలిసారి ఆయనకే, 2018 సంవత్సరానికి దక్కింది. 2016లో ఆయన "ది గ్రేట్ డిరేంజ్‌మెంట్" అనే పుస్తకం ప్రచురించారు. అందులో ఆయన తన అనుభవమొకటి చెప్పారు. 1978 మార్చి 17న, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రోజుల్లో, ఆ నగరంలో సుడిగాలి లేచింది. ఢిల్లీలో కనీ వినీ ఎరుగని సుడిగాలి. ఆయన కళ్లముందే వస్తువులు, వాహనాలు గాలిలోకి లేచాయి. తరువాత ఆయన ఎన్నో నవలలు రాశారు. ఆ సుడిగాలిని మాత్రం ఏ నవలలోనూ పెట్టలేకపోయారు. ఎందుకంటే, పెడితే పాఠకుడు నమ్మడు. కథ కుదరక రచయిత సుడిగాలిని తెచ్చాడంటాడు.

అక్కడినుంచి ఆయన ఆలోచన ముందుకు సాగింది. ఆధునిక నవల పుట్టిన కాలంలో ప్రకృతి తన హద్దుల్లో తాను నడుస్తుందని మనిషి నమ్మాడు. పెద్ద ఉపద్రవాలు పురాణాలకు, పిల్లల కథలకు పోయాయి. నవలలో మనిషి, అతని ఇల్లు, అతని మనసు మిగిలాయి. ఇప్పుడు ప్రకృతి హద్దులు దాటింది. మన గంభీరమైన సాహిత్యం మాత్రం ఆ పాత నమ్మకంలోనే ఉంది. రేపటి తరాలవారు మన పుస్తకాలు తిరగేసి, ఇంత జరుగుతుంటే వీరు దేన్ని గురించి రాసుకున్నారని అడిగితే మన జవాబేమిటి? ఇదీ ఆయన ఆవేదన. ఆయన పూర్వీకులది ఇప్పటి బంగ్లాదేశ్‌లో పద్మానది ఒడ్డు. 1850ల నడుమ ఆ నది దారి మార్చుకుని వారి ఊరిని ముంచేసింది. మిగిలిన కొద్దిమంది పడమటికి నడిచిపోయారు. అంటే ఆయన కూడా వరద నిర్వాసితుల వంశంవారే.

ప్రశ్న వేసి ఊరుకోలేదాయన. 2004లోనే "ది హంగ్రీ టైడ్" నవలను సుందరబన్ దీవుల మీద రాశారు. అందులో ఫొకీర్ అనే జాలరి ఉన్నాడు. చదువు రాదు. నీటిని, పీతలను, చేపల దారులను చదవగలడు. డాల్ఫిన్ల మీద పరిశోధన చేయడానికి అమెరికానుంచి వచ్చిన యువతికి అతడే దారి చూపుతాడు. చివరకు పెనుతుపానులో తన దేహాన్ని అడ్డుపెట్టి ఆమెను బ్రతికించి తాను మరణిస్తాడు. ఆ దీవుల్లో ముస్లింలు, హిందువులు కలిసి చెప్పుకునే బోన్‌బీబీ గాథ ఆ నవలకు ఊపిరి. మక్కానుంచి వచ్చిన ఇబ్రాహీం కూతురు అడవికి రక్షకురాలయిందని ఆ గాథ. అఖీదా దృష్టితో దాన్ని మనం ఎలా చూడాలన్నది వేరే సంగతి. అవసరానికి మించి అడవినుంచి తీసుకోవద్దు, ఆశపోతుగా అడవిలో అడుగుపెట్టవద్దు అనే నీతి ఆ పేదల బ్రతుకును నడిపించింది. 2021లో ఘోష్ ఆ గాథను "జంగిల్ నామా" పేరుతో ఇంగ్లీషు పద్యాల్లో చెప్పారు. 2019లో వచ్చిన "గన్ ఐలాండ్" నవలలో సుందరబన్ కుర్రవాడు రఫీ సముద్రాలు, సరిహద్దులు దాటి ఇటలీలోని వెనిస్ నగరం చేరి అక్కడ కూలిపని చేస్తాడు. సముద్రం పైకి వచ్చి ఊరిని తింటే ఊరివాడు ఎక్కడికి పోతాడన్న ప్రశ్నకు ఆ నవల ఒక జవాబు.

ఇక్కడ మన ఇళ్లకు మరింత దగ్గరి విషయమొకటి ఉంది. మన వారు ఎందరో గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్నారు. ఈ సభలో కూర్చున్న తల్లుల్లో కొందరి కొడుకులు ఈ క్షణాన అక్కడే ఉన్నారు. ఆ దేశాలకు సంపద ఇచ్చినది చమురు. భూగోళాన్ని వేడెక్కిస్తున్న పొగలో పెద్ద భాగం ఆ చమురుది, బొగ్గుది. ఆ చమురు కథను నవలగా రాసినవాడు అరబ్బు రచయిత అబ్దుర్రహ్మాన్ మునీఫ్. 1933లో అమ్మాన్‌లో పుట్టాడు. తండ్రి సౌదీవాడు. చమురు ఆర్థిక శాస్త్రం చదివి ఆ పరిశ్రమలోనే పనిచేశాడు. రాజకీయ అభిప్రాయాల కారణంగా సౌదీ పౌరసత్వం పోగొట్టుకున్నాడు. 1984లో మొదలుపెట్టి "ఉప్పు నగరాలు" అనే అర్థం వచ్చే పేరుతో అయిదు సంపుటాల నవల రాశాడు. మొదటి సంపుటంలో వాదీ అల్ ఉయూన్ అనే ఒయాసిస్సు ఉంది. ఖర్జూర చెట్లు, నీటి ఊటలు, ఆగి సేదదీరే ఒంటెల బిడారులు. చమురు వెతికేవారు వచ్చి యంత్రాలతో ఆ చెట్లను కూల్చేస్తారు. మిత్‌అబ్ అల్ హజ్జాల్ అనే పెద్దమనిషి ఎదిరించి, ఆ వినాశం చూడలేక ఒంటె ఎక్కి ఎడారిలోకి పోయి కనపడకుండా పోతాడు. ఆ నవలను సౌదీ అరేబియాలో నిషేధించారు. 1992లో దాన్ని సమీక్షిస్తూ, చమురు మీద ప్రపంచమంతా ఆధారపడినా చమురు మీద గొప్ప నవలలు ఎందుకు రాలేదని అడిగినవాడు కూడా అమితవ్ ఘోషే. సంపద తెచ్చినదాని గురించి సత్యం చెప్పడానికి ధైర్యం కావాలి. మునీఫ్ తన దేశాన్ని పోగొట్టుకుని ఆ సత్యం చెప్పాడు. మన ఇంటికి మనియార్డరు తెచ్చిన చమురే మన తీరానికి తుపాను బలాన్ని కూడా తెస్తున్నదని చెప్పడానికి మనకూ కొంత ధైర్యం కావాలి.

తెలుగులో ఈ కోవకు చెందిన నవల అక్కినేని కుటుంబరావు గారి "కొల్లేటి జాడలు". ఆయన సినిమా దర్శకులు. కొల్లేటి ఒడ్డున పులపర్రులో పెరిగినవారు. నవల కూడా ఆ ఊరిలోనే నడుస్తుంది. వరద వస్తే ఊరంతా ఒక్కటై గట్టు కాపాడుకోవడం, సరస్సును అందరిదిగా చూసుకోవడం, దూరదేశపు పక్షుల రాక, ఒక పిల్లవాడి కళ్లతో ఇవన్నీ చూపిస్తారు. ఆ సరస్సు ఎలా చచ్చిపోయిందో కూడా చెబుతారు. వసంత కన్నబిరాన్ గారు దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సార్ జాబితాలో చేర్చారు. 2006లో చేపల చెరువుల గట్లను తెగ్గొట్టారు. ఈ ఉత్తర్వులన్నీ ఫైళ్లలో ఉన్నాయి. కొల్లేరు అంటే ఒక మనిషికి ఏమిటో తెలియాలంటే మాత్రం నవల చదవాలి.

కొల్లేరు మనకెక్కడో దూరమని అనుకుంటాం. బుడమేరు నీరు చివరికి చేరేది కొల్లేటికే. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో అదే బుడమేరు పొంగి, గండ్లు పడి, విజయవాడలో సింగ్‌నగర్ వంటి పేటలను రోజుల తరబడి ముంచింది. అక్కడ వేలాది పేద కుటుంబాలున్నాయి, మనవాళ్లూ ఉన్నారు. నేను "నిల్" అని రాసిన ఆ ఇంటివారు 1999 తరువాత కొన్నాళ్లకు ఊరు విడిచి విజయవాడ చేరారని విన్నాను. ఈమధ్య ఒక నికాహ్‌లో వారి పెద్దబ్బాయి కనిపించాడు. నలభై దగ్గర పడ్డ మనిషి. నన్ను అతడే గుర్తుపట్టాడు. తండ్రి కాలం చేశారు. పరుపుల కొట్టు నడుపుతున్నాడట. వరద నీరు వారి కొట్టులోకి ఎదురొమ్ము ఎత్తు వచ్చిందట. నేను అలవాటుకొద్దీ, "లెక్క రాసుకున్నారా నాయనా" అని అడిగాను.

"రాసుకున్నారు బాబాయ్ గారూ. ఇల్లు రాసుకున్నారు, కొట్టు రాసుకున్నారు. మా నాన్న విల్లు కొట్టుకుపోయింది. ఇప్పుడు దాంతో పనిలేదు, మిషను మీదే ఏకుతున్నాం. దానికి డబ్బేమీ వద్దు. అదొకటి ఉండేదని ఎక్కడైనా రాసి ఉంటే బాగుండును."

అతడు నన్ను తప్పుపట్టలేదు. ఆనాటి రిమార్కుల గడి సంగతి అతనికి తెలియదు. నేను భోజనం దగ్గర మరి మాట్లాడలేకపోయాను.

ఇప్పుడు మీలో కొందరికి న్యాయమైన సందేహం కలుగుతుంది. మనకు స్కాలర్‌షిప్పుల సమస్య ఉంది, వక్ఫ్ భూముల సమస్య ఉంది, ఇల్లు అద్దెకు దొరకని సమస్య ఉంది. వీటి నడుమ కథలెందుకు? కథ రాస్తే నష్టపరిహారం వస్తుందా? రాదు. నేను అబద్ధం చెప్పను. పరిహారం అర్జీతో వస్తుంది, జాబితాతో వస్తుంది, న్యాయస్థానంతో వస్తుంది. కాని జాబితాలో ఏ గడులుండాలో నిర్ణయించేవారికి మన బ్రతుకులు తెలియాలి గదా. మన జిల్లాల్లో మనం గుప్పెడు మందిమి. సొంత భూమి ఉన్నవారు తక్కువ. పాత సామాన్లు, పరుపులు, గాజులు, సైకిలు మరమ్మతు, తోపుడుబండి మీద పండ్లు, మాంసం కొట్టు. ఇవి పంటల గడిలోకి రావు, పడవల గడిలోకి రావు. గడి లేనివాడి నష్టం కళ్లకు కనపడదు. కనపడనిదాన్ని కనపడేటట్టు చేసేది కథ. ముందు కథ పుడితే తరువాత గడి పుడుతుంది.

రచయిత రాసి ఊరుకోవాలా, వీధిలోకి రావాలా అన్నది పాత చర్చ. అరుంధతీ రాయ్ గారు తొలి నవలకు వచ్చిన బుకర్ బహుమతి సొమ్మును నర్మదా ఉద్యమానికి ఇచ్చారు. ఆ ఉద్యమం వెంట నిలిచిన కాలంలోనే 2002 మార్చిలో కోర్టు ధిక్కారం కింద ఒక రోజు జైలులో ఉన్నారు. మన జిల్లాలో దారి దీనికి భిన్నంగా నడిచింది. ఇక్కడ ముందు వీధిలోకి వచ్చినది రైతులు, మత్స్యకారులు. సోంపేట బీల భూములు బయటివారికి బీడుగా కనిపించాయి. అక్కడివారికి అవి చేపలు, తుంగ, పశువుల మేత, ఎత్తిపోతల నీరు. ఆ నేలలో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం వద్దని వారు నిలబడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. కొన్ని గంటల ముందు ఆ తీర్పు వచ్చి ఉంటే ఆ ఇళ్లలో దీపాలు ఆరేవి కావు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. తమ చిత్తడి నేలను కాపాడుకున్నామనే అనుకున్నారు వారు. బొగ్గు పొగ తగ్గితే ప్రపంచానికీ మేలే గదా, ఆ విధంగా వారు అందరి కోసమూ నిలిచారు.

ఈ సందర్భంలో ఒక గుమాస్తాగా నాకు తెలిసిన ఉపయోగకరమైన మాట చెబుతాను. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషను ప్రకారం ఇలాంటి పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. ముప్పయి రోజుల ముందు పత్రికలో ప్రకటన వేయాలి. అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. సభకు జిల్లా కలెక్టరుగాని, వారు నియమించిన తగిన హోదా గల అధికారిగాని అధ్యక్షత వహించాలి. కార్యక్రమాన్ని వీడియో తీయాలి. చివర సభలో చెప్పిన మాటల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. అక్కడ మీరు లేచి మాట్లాడితే అది రికార్డుకెక్కుతుంది. మాట్లాడకపోతే మీ మాట ఆ సభ రికార్డులో ఉండదు. అలాగే తుపాను తరువాత నష్టాల జాబితాను సచివాలయం దగ్గర అతికించినప్పుడు మసీదునుంచి ఇద్దరు యువకులు వెళ్లి చదవండి. మన పేర్లే కాదు, పేటలో ఎవరి పేరు లేకపోయినా అడగండి. రిమార్కుల గడి ఖాళీగా ఉంటే అక్కడ ఏమి రాయాలో చెప్పండి. ఆ గడి ముందు కూర్చున్న గుమాస్తా చెడ్డవాడు కానక్కరలేదు. చీకటి పడుతోందని తొందరపడుతున్నవాడు కావచ్చు.

రెండో పని రాయడం. నవల రాయమని నేను అనడం లేదు. అది ఎవరో ఒకరికి అబ్బుతుంది. ఆ ఒకరు రాయడానికి కావలసిన సరుకు మనందరి దగ్గరా ఉండాలి. కాళీపట్నం రామారావు మాస్టారు "జీవధార" కథలో పేద ఆడవారి నీటి కష్టాన్ని చెప్పారు. బిందె నీళ్లకు పడే పాట్లు ఆయన చెవిన పడకపోతే ఆ కథ లేదు. ఆయన తనకు వచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి 1997లో ఈ శ్రీకాకుళంలోనే కథానిలయం నెలకొల్పారు. తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చాలన్న సంకల్పం అది. మన పిల్లల్లో ఎందరు ఆ మెట్లు ఎక్కారు? సెలవు రోజున తీసుకువెళ్లండి. మనవారి కథలు అక్కడ ఎన్ని ఉన్నాయో, ఎన్ని రావలసి ఉన్నాయో వారే చూస్తారు.

విద్యార్థులారా, ఒక నోటుపుస్తకం కొనండి. మీ దాదీనో నానీనో కూర్చోబెట్టుకుని అడగండి. ఏ తుపానులో ఏమి పోయింది? ఆ రాత్రి ఎవరి ఇంట్లో తలదాచుకున్నారు? తలుపు తీసినవారు ఏ మతంవారు? మరునాడు మొదట ఏమి తిన్నారు? అప్పు ఎవరిచ్చారు, ఎన్నేళ్లకు తీరింది? వారు చెప్పిన మాటల్లోనే రాయండి, బాగుచేయకండి. తేదీ వేయండి. గొప్పలు వద్దు, ఏడుపులు వద్దు. జరిగినది చాలు. ఇరవయ్యేళ్ల తరువాత మీలో ఒకరు నవలాకారులైతే ఇదే పునాది. కాకపోయినా మీ ఇంటి సాక్ష్యం మిగులుతుంది.

ఎవరో మొదలుపెట్టాలి గనుక నేను మొదటి పుట రాసి తెచ్చాను. ఇరవై అయిదేళ్లు ఆలస్యమైంది. చదువుతాను:

"1999 అక్టోబరు. పరుపులు కుట్టే ఇల్లు. మనుషులు అయిదుగురు. పైకప్పు సగం పోయింది. అప్పు చేసి కొన్న బూరుగు దూది అంతా తడిసింది. చూరుకు కట్టిన విల్లు మిగిలింది. ఆ విల్లు 2024 సెప్టెంబరులో విజయవాడలో నీటిపాలయింది. దాని వెల తెలియదు. దానితో ఏకిన దూది మీద ఈ జిల్లాలో ఎందరో పెళ్లికూతుళ్లు కొత్త కాపురం మొదలుపెట్టారు."

ఈ నోటుపుస్తకాన్ని మసీదు గ్రంథాలయంలో ఉంచుతున్నాను. రెండో పుట ఖాళీగా ఉంది. వచ్చే నెల సమావేశానికి మీరు తెచ్చేవాటి కోసం, ఇన్‌షా అల్లాహ్, నేను ముందు వరుసలో కూర్చుని ఎదురుచూస్తాను.